స్కౌట్ చెప్పే కథ, హక్ చెప్పే కథ: పిల్లలకు ఏది మేలు?

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు పరిచే పాత పుస్తకాల్లో హార్పర్ లీ ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’, మార్క్ ట్వేన్ ‘హకల్‌బెరీ ఫిన్’ రెండూ కంటబడుతుంటాయి. రెండింటిలోనూ కథ పిల్లల కళ్లతోనే సాగుతుంది, రెండింటికీ నేపథ్యం అమెరికా దక్షిణాదిలోని వర్ణవివక్షే. మంచిచెడ్డలు, ఎదుటివారి బాధ తెలియడానికి మన పిల్లల చేతిలో ఏది పెట్టాలన్నది తల్లిదండ్రులూ టీచర్లూ శ్రద్ధగా ఆలోచించవలసిన విషయం.

1960లో వచ్చిన లీ నవలలో స్కౌట్ తన చిన్ననాటి సంగతులను పెద్దయ్యాక గుర్తు చేసుకుని చెబుతుంది. ఆమెకు మంచి చెప్పేవారికి కొదవ లేదు. భోజనానికి వచ్చిన పేద సహాధ్యాయి వాల్టర్ కూరల మీదా మాంసం మీదా పాకం ఒంపుకుంటుంటే ఆమె నోరు జారుతుంది. వంటమనిషి కల్పూర్నియా ఆమెను వంటింట్లోకి పిలిచి, గడప తొక్కినవారు ఎవరైనా అతిథులేనని చీవాట్లు పెడుతుంది. ఎవరినైనా అర్థం చేసుకోవాలంటే వారి చోట నిలబడి చూడాలని తండ్రి ఆటికస్ మొదట్లోనే చెప్పిన నీతి, చివర ఇల్లు కదలకుండా బతికే పొరుగువాడు బూ రాడ్లీ వరండాలో నిలబడి తమ వీధిని అతని కళ్లతో చూసినప్పుడు ఆమెకు అర్థమవుతుంది.

హక్‌కు అటువంటి తండ్రి లేడు. ఉన్నవాడు తాగి కొట్టేవాడు. ఇక ఊరు, మతం, చట్టం కలిసి బానిస పారిపోవడానికి సాయపడటం పాపమని నేర్పాయి. తనతో పాటు తెప్ప మీద ప్రయాణిస్తూ వచ్చిన, పారిపోయిన బానిస జిమ్ ఆచూకీ తెలుపుతూ అతని యజమానురాలికి ఉత్తరం రాయగానే, పాపం కడిగేసుకున్నట్టు హక్‌కు ప్రాణం తేలికపడుతుంది. అంతలోనే, తనను నిద్ర లేపకుండా తన వంతు కాపలా కూడా తెప్ప మీద జిమ్మే కాసిన రాత్రులు గుర్తొస్తాయి. నరకానికి పోయినా సరేననుకుని ఉత్తరం చించేస్తాడు. అయినా తాను చేసింది తప్పేనని నమ్ముతాడు. కాదని తేల్చుకోవలసింది చదివేవారే.

నా మొగ్గు హక్ వైపే. పనిమనిషి లిఫ్టు ఎక్కకూడదనే నియమం ఉన్న హైదరాబాదు అపార్ట్‌మెంటులో పెరిగే పిల్లలకు, పెద్దలు పద్ధతి అన్నదే అన్యాయం కావచ్చన్న అనుమానం ఆటికస్ హితవు కన్నా ఎక్కువ అవసరం. అయితే ఈ నవలలో నల్లవారిని కించపరిచే మాట రెండు వందల సార్లకు పైగా వస్తుంది, పైగా చివరి అధ్యాయాల్లో హక్ స్నేహితుడు టామ్ సరదా కోసం జిమ్‌ను పెట్టే బాధలు చదవడానికే కష్టంగా ఉంటాయి. అందుచేత ఎనిమిదో తరగతిలో స్కౌట్‌ను ఇచ్చి, హక్‌ను పదో తరగతి దాటాక పెద్దలు పక్కన కూర్చుని చదివించడం మంచిది. తెలుగులోనే మొదలుపెట్టదలచినవారికి ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ ఉన్నాయి. ముస్లిం కుటుంబపు పిల్లవాడు నెల్లూరు యాసలో చెప్పే ఆ కతలకు వయసు అడ్డు రాదు.