కొత్త గుడి కట్టాలా, పాత గుడి దారి అడగాలా?

కులవివక్షపై కేరళలో రెండు రకాల పోరాటాలు నడిచాయి. 1888లో అరువిప్పురంలో సంఘ సంస్కర్త నారాయణ గురు ఎవరి అనుమతీ అడగలేదు. నదిలోని రాయిని తెచ్చి శివుడిగా ప్రతిష్ఠించేశారు. అప్పట్లో అంటరానిదిగా చూసిన ఈళవ కులంలో పుట్టినవాడికి ఆ హక్కు లేదని అప్పటి పెద్దల మాట. ఫలితం మాత్రం వెంటనే దక్కింది: అందరూ పూజ చేసుకునే గుడి.

1924లో మొదలైన వైకోం సత్యాగ్రహం అడిగి సాధించే దారి. అడిగింది వైకోం శివాలయంలోకి ప్రవేశం కూడా కాదు, అణగారిన కులాలవాళ్లు దాని చుట్టూ ఉన్న రోడ్లపై నడవడం! ఏడాదిన్నర దాటినా తూర్పు రోడ్డు పూర్తిగా తెరుచుకోలేదు.

నాకు మొదటిదే నచ్చుతుంది. కానీ పాత గుళ్ల తలుపులు దానివల్ల తెరుచుకోవు. 1936లో అన్ని కులాల హిందువులకూ గుళ్లు తెరిచిన తిరువాన్కూరు సంస్థాన ఆలయ ప్రవేశ ప్రకటనకు రెండో దారి ఒత్తిడే ఎక్కువ పనిచేసింది. నారాయణ గురు కూడా వైకోం సత్యాగ్రహానికి అండగా నిలిచారు.