రిటర్న్‌షిప్ రివ్యూ: గ్యాప్ కనిపించదు, గ్రేడ్ మాత్రం పడిపోతుంది

పిల్లల కోసం ఉద్యోగం మానేసినవాళ్లను కొన్ని వారాలు జీతమిచ్చి పనిలో పెట్టుకుని, నచ్చితే పర్మనెంట్ చేసే ఏర్పాటే రిటర్న్‌షిప్. 2008లో అమెరికా బ్యాంకు గోల్డ్‌మన్ శాక్స్ ఈ పేరు పెట్టి మొదలుపెట్టింది. తర్వాత టెక్ కంపెనీలూ అందుకున్నాయి. సాధారణంగా 12 నుంచి 16 వారాలు ఉంటుంది. కనీసం ఏడాదో రెండేళ్లో విరామం ఉండాలన్నది మామూలు షరతు.

ఒక పని మాత్రం ఇది బాగా చేస్తుంది. మామూలు దరఖాస్తుల్లో గ్యాప్ చూడగానే పక్కన పెట్టేసే రెజ్యుమేని ఇక్కడ ఎవరో ఒకరు చదువుతారు. అది చిన్న విషయం కాదు. అమెరికాలో 2007లో వెలువడిన కొరెల్, బెనార్డ్, పైక్ అధ్యయనంలో అర్హతలు సమానంగా ఉన్నా, తల్లి అని తెలిసిన అభ్యర్థికి తక్కువ ప్రారంభ జీతం సూచించారు. తండ్రులకు ఆ నష్టం లేదు.

చిక్కంతా తర్వాతే. మొదటి రెండు వారాలు లాగిన్లు, పర్మిషన్లకే పోతాయి. ఆరో వారంలో రివ్యూ పెడితే చూపించడానికి నాలుగు వారాల పనే ఉంటుంది. అందుకే చేరకముందే ప్రాజెక్టు ఏదో, దాన్ని ఎవరు అంచనా వేస్తారో రాయించుకోవాలి. మెంటర్ వేరు, మేనేజర్ వేరు. మెంటర్ ఎంత మెచ్చుకున్నా ఆఫర్ ఇచ్చేది మేనేజర్ బడ్జెట్టే. ఖాళీ పోస్టు లేకపోతే బాగా చేసినవాళ్లు కూడా కాంట్రాక్టు ముగిసిన రోజే ఇంటికి. గత బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమందికి ఆఫర్ వచ్చింది, ఏ గ్రేడ్‌లో (అంటే హోదా, జీతాల మెట్టు)? ఈ మూడింటికీ అంకెల్లో జవాబు రాకపోతే అనుమానించాల్సిందే.

మూడో ప్రశ్నే అన్నిటికన్నా ఖరీదైనది. లెక్క చూడండి. మానేసినప్పుడు జీతం 100 అనుకుందాం. ఏటా 5 శాతం పెరుగుదలతో పనిలోనే ఉన్న సహోద్యోగి మూడేళ్లకు దాదాపు 116కి చేరుతుంది. తిరిగొచ్చినవాళ్లను ఒక మెట్టు దించి 85 దగ్గర కూర్చోబెడితే తేడా 27 శాతం. ఇద్దరికీ అదే 5 శాతం పెరిగితే ఆ శాతం ఎన్నేళ్లయినా తగ్గదు. తిరిగొచ్చినవాళ్లకు ఏటా 8 శాతం ఇచ్చినా అందుకోవడానికి 11 ఏళ్లు. కాబట్టి బేరం పాత జీతం మీద కాదు, ఆ పనికి ఇవాళ నడుస్తున్న జీతం మీద ఆడాలి. కాంట్రాక్టు ముగియడానికి రెండు వారాల ముందే గ్రేడ్ రాతపూర్వకంగా అడగాలి. చివరి రోజున అడిగితే చేతిలో పట్టు ఉండదు. కాంట్రాక్టు కాలంలో ఆరోగ్య బీమా, సెలవులు ఉంటాయో లేవో మాత్రం చేరకముందే తేల్చుకోవడం మంచిది. చాలా స్కీముల్లో ఇవి చిన్న అక్షరాల్లో దాగి ఉంటాయి.

రిటర్న్‌షిప్ తాకని భాగం ఒకటుంది: పని గంటలు. డెన్మార్క్‌లో 1980 నుంచి 2013 వరకు సమాచారాన్ని పరిశీలించిన క్లెవెన్, లాందే, సోగార్డ్‌ల లెక్క ప్రకారం పిల్లలు పుట్టాక తల్లుల సంపాదన దీర్ఘకాలంలో 20 శాతం దాకా పడిపోయింది. ఉద్యోగం మానడం, గంటలు తగ్గడం, గంటకు వచ్చే జీతం తగ్గడం, ఈ మూడిటి వాటా ఇంచుమించు సమానం. రిటర్న్‌షిప్ చక్కదిద్దేది మొదటిదాన్నే. సాయంత్రం ఏడింటి మీటింగుల టీమ్‌లో పడితే క్రెష్ మూసే వేళకి పరుగే మిగులుతుంది. టీమ్ ఎంచుకునే అవకాశం ఇస్తే దాన్ని వదులుకోకూడదు.

మా మార్కులు ఐదుకు మూడు. విరామం మూడేళ్లు దాటినవాళ్లకూ, రంగం మార్చుకునేవాళ్లకూ పనికొస్తుంది. గ్యాప్ ఏడాది దగ్గరే అయితే నేరుగా ఉద్యోగానికే దరఖాస్తు చేయడం మేలు. వాళ్లకిది జీతం తగ్గించిన ప్రొబేషనే.