రౌటర్ మొరాయిస్తే: ఫెయిల్‌సేఫ్ మేలా, రీసెట్ మేలా?

కంపెనీ ఫర్మ్‌వేర్ (రౌటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) తీసేసి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే ఉచిత ఫర్మ్‌వేర్ ఎక్కించిన రౌటర్ మొరాయిస్తే మన ముందు నాలుగు దారులుంటాయి. మన సెట్టింగులను పక్కనపెట్టి రౌటర్‌ను తెరిచే ఫెయిల్‌సేఫ్ మోడ్‌లోకి వెళ్లి తప్పు సరిదిద్దడం, రీసెట్‌తో సెట్టింగులన్నీ చెరిపేయడం, టీఎఫ్‌టీపీ అనే ఫైలు పంపే పద్ధతితో కేబుల్ మీదుగా ఫర్మ్‌వేర్ మళ్లీ ఎక్కించడం, విసిగిపోయి పాత కంపెనీ ఫర్మ్‌వేర్‌కే తిరిగి వెళ్లడం. ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో మా వీధివాళ్లు ముందు రెండోదాన్నే పట్టుకుంటారు. చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చడమే కదా! నా ఓటు మాత్రం మొదటిదానికే.

రీసెట్ సంగతి చూద్దాం. నడుస్తున్న రౌటర్ మీద ఆ బటన్‌ను 5 సెకన్లకు పైగా నొక్కి వదిలితే మన మార్పులు, తర్వాత వేసుకున్న ప్యాకేజీలు అన్నీ పోతాయి. అసలు వ్యవస్థ చదవడానికి మాత్రమే వీలున్న భాగంలో ఉంటుంది. మన మార్పులు దాని మీద ఓవర్‌లే అనే పొరలో ఉంటాయి. రీసెట్ ఆ పొరను తుడిచేస్తుంది, అంతే. అసలు తంటా ఆ తర్వాతే. చాలా మోడళ్లలో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ మొదట వైఫైని ఆపేసి ఉంచుతుంది. ఇంటిల్లిపాదీ ఫోన్లలో పాత పేరు కోసం వెతుకుతూ కూర్చుంటారు. కేబుల్ పెట్టి సరిచేద్దామంటే ఇప్పటి పల్చటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ పోర్టే లేదు.

కేబుల్ పెట్టినా నెట్ రాకపోవచ్చు. గోడకున్న ఫైబర్ పెట్టె చిరునామా చాలా ఇళ్లలో 192.168.1.1. రీసెట్ అయిన రౌటర్ చిరునామా కూడా అదే. రెండు వైపులా ఒకే నెట్‌వర్క్ అయ్యేసరికి ఏ ప్యాకెట్‌ను ఎటు పంపాలో దానికి తెలియదు. లోపలి చిరునామాను 192.168.2.1గా మార్చగానే దారికొస్తుంది. ఈ చిన్న విషయం తెలియక రౌటర్ పాడైందని పక్కన పడేసేవాళ్లున్నారు. ఫైబర్ పెట్టె బ్రిడ్జ్ మోడ్‌లో ఉంటే, అంటే లాగిన్ పని మన రౌటరే చేయాల్సి ఉంటే, ఇంకో చిక్కు. పీపీపీఓఈ అనే ఆ లాగిన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, కొన్నిచోట్ల వీలాన్ నంబరు (లైన్‌లో మన నెట్‌ను వేరుచేసే గుర్తు) మళ్లీ ఇవ్వాలి. అవి ఎప్పుడో ఏదో చీటీ మీద రాసిచ్చి ఉంటారు. కనెక్షన్ ఇచ్చినవారికి ఫోన్ చేస్తే సంభాషణ ఒడియాలో మొదలై, తెలుగులోకి మారి, “లైన్ బాగానే ఉందండీ, మీరే ఏదో మార్చారు” అనే దగ్గర ఆగుతుంది.

ఫెయిల్‌సేఫ్‌కూ కేబుల్ కావాలి గానీ, అన్నీ మళ్లీ ఇచ్చుకునే ఈ బాధ లేదు. రౌటర్ ఆన్ చేసిన కొద్ది సెకన్లకు లైటు వేగంగా మినుకుమంటుంది. అప్పుడు రీసెట్ బటన్ నొక్కితే మరింత వేగంగా కొట్టుకుంటుంది. ఇక లోపలికి వెళ్లినట్లే. కంప్యూటర్‌కు 192.168.1.2 అని చిరునామా మనమే ఇచ్చుకోవాలి, ఎందుకంటే ఆ స్థితిలో రౌటర్ ఎవరికీ చిరునామా పంచదు. కేబుల్ పెట్టి, ఆదేశాలు టైపు చేసే ఎస్‌ఎస్‌హెచ్‌లో రూట్ అనే ప్రధాన యూజర్‌గా 192.168.1.1కి వెళితే పాస్‌వర్డ్ అడగదు. ‘మౌంట్_రూట్’ ఆదేశం ఇస్తే మన పాత సెట్టింగులు చెక్కుచెదరకుండా కనిపిస్తాయి. మరచిపోయిన పాస్‌వర్డ్ మార్చవచ్చు, మనల్నే బయటికి నెట్టిన ఫైర్‌వాల్ నియమాన్ని తీసేయవచ్చు, తప్పుగా కొట్టిన వీలాన్ నంబరును దిద్దవచ్చు. ఓవర్‌లే నిండిపోయిందేమో కూడా అక్కడే తేలిపోతుంది.

పైగా ఇది పరీక్ష కూడా. ఫెయిల్‌సేఫ్ వచ్చిందంటే కెర్నల్ (వ్యవస్థ గుండెకాయ), బూట్‌లోడర్ (ఆన్ చేయగానే దాన్ని లేపే చిన్న ప్రోగ్రామ్) బాగున్నట్లే, తప్పు దాదాపు మన సెట్టింగుల్లోనే. ఇక్కడి నుంచి కావాలంటే ‘ఫస్ట్‌బూట్’ ఆదేశంతో రీసెట్ చేసుకోవచ్చు. రీసెట్ చేశాక మాత్రం వెనక్కి రాలేం.

లైటు ఆ దశకే చేరకపోతే, లేదా రౌటర్ మళ్లీ మళ్లీ మొదటికొస్తుంటే టీఎఫ్‌టీపీ తప్పదు. ఇక్కడ ఒక్కో మోడల్‌ది ఒక్కో పద్ధతి. టీపీ-లింక్ ఆర్చర్ సీ7 రెండో వెర్షన్ అయితే కంప్యూటర్ చిరునామా 192.168.0.66 ఉండాలి, ఫైలుకు ఆ మోడల్ కోరిన పేరే ఉండాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా తీసుకోదు. ఆ ఫైలు దించుకోవడానికి ఫోన్ హాట్‌స్పాటే గతి. మా వైపు ఫోను ఒక్కోసారి సరిహద్దు అవతల ఆంధ్రలోని పాతపట్నం టవర్ పట్టుకుని రోమింగ్‌లోకి పోతుంది, కాబట్టి ఫైలును రౌటర్ బాగున్నప్పుడే దాచుకోవడం నయం. కాలబైశాఖి (వేసవి గాలివాన) గాలులు లేచే సాయంత్రాల్లో ఇన్వర్టర్ లేకుండా ఈ పనికి దిగవద్దు. మధ్యలో కరెంటు పోయినా సాధారణంగా బూట్‌లోడర్ వేరే భాగంలో ఉంటుంది గనుక మళ్లీ మొదలుపెట్టవచ్చు.

కంపెనీ ఫర్మ్‌వేర్‌కు తిరిగి వెళ్లడం నామోషీ ఏమీ కాదు. పిల్లలు విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉండి, ఇంట్లో పెద్దవాళ్లే ఉంటే అదే మంచిది. పాత టీఎల్-డబ్ల్యుఆర్841ఎన్ లాంటి 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ రౌటర్లకు ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ 19.07 వెర్షన్ తర్వాత అధికారిక విడుదలలు లేవు, దానికీ 2022లో మద్దతు ఆగిపోయింది. వాటిని బాగుచేసుకుంటూ కూర్చోవడం కంటే కొత్తది కొనడమే నయం.

నాలుగింటిలో ఏదీ అక్కర్లేని సందర్భం ఒకటుంది. చాలా రౌటర్లలో గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి వస్తే అది ఎప్పటిదో పాత తేదీ పట్టుకుంటుంది. సైట్ల పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్‌కు డీఎన్‌ఎస్‌సెక్ అనే తనిఖీ గానీ, గుప్తీకరణ గానీ పెట్టుకున్నవారికి అప్పుడు పేర్లు తెరుచుకోకపోవచ్చు. పేర్లు తెరుచుకోనిదే టైమ్ సర్వర్ దొరకదు, టైమ్ దొరకనిదే పేర్లు తెరుచుకోవు. టైమ్ సర్వర్‌ను పేరుతో కాకుండా ఐపీ చిరునామాతో ఇస్తే ఈ ముడి విడిపోతుంది.

లూసీ (ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ సెట్టింగుల వెబ్ పేజీ)లో బ్యాకప్ తీసి ఫోన్‌లో పెట్టుకుంటే రీసెట్ మీద నా అభ్యంతరం సగం తగ్గుతుంది. అయితే 19.07 నాటి బ్యాకప్‌ను 21.02 మీద గుడ్డిగా ఎక్కించవద్దు. ఆ విడుదలలో చాలా మోడళ్లకు స్విచ్ సెట్టింగుల పద్ధతే మారింది. పాత ఫైలు పెడితే ల్యాన్ పోర్టులు పనిచేయక మళ్లీ ఫెయిల్‌సేఫ్ దగ్గరికే రావాలి.