డీబీటీ: మొత్తం చికిత్సా, స్కిల్స్ గ్రూపు ఒక్కటే చాలా?

"పూర్తి డీబీటీ మా ఊళ్లో దొరకదు, స్కిల్స్ గ్రూపులో చేరితే సరిపోతుందా?" ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. డీబీటీ అంటే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, ఉద్వేగాలు అదుపు తప్పేవారికి వాటిని తట్టుకునే నేర్పులు (స్కిల్స్) నేర్పే మానసిక చికిత్స.

పూర్తిది అంటే నాలుగూ ఉండాలి: వారానికో గంట విడిగా థెరపీ, వారానికోసారి రెండు నుంచి రెండున్నర గంటల స్కిల్స్ గ్రూపు, మధ్యలో ఫోన్ సాయం, థెరపిస్టులు తమలో తాము కూర్చునే వారపు సమావేశం. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో సైకాలజిస్టు మార్షా లైనెహాన్ దీన్ని పదే పదే ఆత్మహత్యకు ప్రయత్నించే మహిళల కోసం రూపొందించారు. మారమని ఒత్తిడి చేస్తే తప్పంతా తమదే అంటున్నారని వాళ్లు నొచ్చుకునేవారు. ఊరికే ఓదారిస్తే పరిస్థితి ఎక్కడిదక్కడే ఉండేది. అందుకే స్కిల్స్‌లో రెండు వైపులూ ఉన్నాయి: ఉన్నదాన్ని ఒప్పుకునే మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంపై ధ్యాస ఉంచడం), బాధను తట్టుకోవడం ఒకవైపు, మార్పు తెచ్చే ఉద్వేగాలను అదుపు చేసుకోవడం, మనుషులతో నేర్పుగా వ్యవహరించడం మరోవైపు.

2015లో లైనెహాన్ బృందం 99 మంది మహిళలతో ఈ భాగాలను విడదీసి పోల్చింది: పూర్తి డీబీటీ, విడి థెరపీ లేకుండా స్కిల్స్ గ్రూపు, స్కిల్స్ లేకుండా విడి థెరపీ. ఆత్మహత్యా ప్రయత్నాలు మూడు పద్ధతుల్లోనూ తగ్గాయి. తమను తాము గాయపరచుకోవడం మాత్రం స్కిల్స్ నేర్పిన చోట ఎక్కువగా తగ్గింది. నా మొగ్గు స్కిల్స్ వైపే. అయితే ఆ స్కిల్స్ బృందంలో ఒక్కొక్కరి బాగోగులు చూసే కేస్ మేనేజర్ ఉన్నారు, ప్రాణాపాయాన్ని అంచనా వేసే పద్ధతీ ఉంది. ఆత్మహత్య ఆలోచనలున్నవారికి ఆ అండ లేని గ్రూపు చాలదు; సైకియాట్రిస్టు తప్పనిసరి.

కోపం, ఉద్వేగాల ఊపు మాత్రమే సమస్యయితే గ్రూపు ఒక్కటీ మేలే చేస్తుంది, ఇంట్లో సాధన చేస్తేనే. ఉద్వేగాన్ని వెంటనే దించే చన్నీళ్ల స్కిల్ చూడండి: ముందుకు వంగి, ఊపిరి బిగబట్టి, 30 సెకన్ల దాకా ముఖాన్ని చన్నీళ్లలో ఉంచాలి. నీళ్లు 10 డిగ్రీల కంటే చల్లగా ఉండకూడదు. గుండె వేగం తగ్గుతుంది కాబట్టి గుండెజబ్బు ఉన్నవారు, బీటా బ్లాకర్లు (గుండె వేగం తగ్గించే మందులు) వాడేవారు, తిండి బాగా తగ్గించేసినవారు ముందు డాక్టర్ని అడగాలి. ఉద్వేగం పదికి పది ఉన్న రోజున మొదటిసారి ప్రయత్నిస్తే ఆ వరుసే గుర్తుకురాదు. మూడు, నాలుగు ఉన్నప్పుడే అలవాటు చేసుకోవాలి. ఉద్వేగం చల్లబడ్డాక అసలు సమస్య సంగతి వేరే స్కిల్‌తో చూడాలి. చాలామంది అక్కడే ఆపేస్తారు, గొడవ మర్నాటికి మళ్లీ మొదలవుతుంది.

యాప్‌లు, వీడియోలు గుర్తుచేయడానికి పనికొస్తాయి, అంతే.

చేరే ముందు రెండు విషయాలు అడగండి: ప్రతివారం హోంవర్క్ చూస్తారా? 24 వారాల పాఠం అయ్యాక రెండో విడత ఉంటుందా? ఫోన్ సాయం లేని గ్రూపయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు దగ్గర పెట్టుకోండి. తెలుగులో, ఏ వేళైనా మాట్లాడతారు. కాకపోతే మీరు నేర్చుకున్న స్కిల్స్ వాళ్లకు తెలిసి ఉండకపోవచ్చు.