తొలి ఫాంటసీ నవల: అచ్చు వేయాలా, యాప్‌లో సీరియల్‌గా ఇవ్వాలా?

1514లో కృష్ణదేవరాయలు ఉదయగిరి కోట గెలిచిన నాటి సైనికుడు, చావు రాక ఇప్పటికీ నెల్లూరు ట్రంకు రోడ్డులో తిరుగుతున్నాడు. మీ తొలి నవల ఇలాంటిదైతే?

ఖర్చు: అచ్చుకు డీటీపీ (కంప్యూటర్‌లో అక్షరాల కూర్పు), కాగితం, బైండింగ్ మీ జేబులోంచే. సీరియల్‌కు దాదాపు సున్నా.

శ్రమ: అచ్చయ్యాక అమ్మడమే అసలు పని. సీరియల్‌కు వారం వారం కొత్త భాగం ఇవ్వాలన్న టెన్షన్.

రిస్క్: అచ్చులో, కట్టలు అటకెక్కడం. సీరియల్‌లో ఇంకా పెద్ద చిక్కు: ప్రతి భాగం చివర ఉత్కంఠ కావాలి. చావే లేనివాడికి ప్రాణగండం ఎక్కడ తెస్తారు? అతని బాధ వేరు. కొడుకునీ మనవడినీ వరసగా పెన్న ఒడ్డున సాగనంపడం. అది ముక్కలుగా చదివితే పలచబడుతుంది.

పాఠకులెవరో ఇంకా తెలియకపోతే, యుద్ధాలే ఎక్కువుంటే సీరియల్. రాతప్రతి పూర్తయి, కథ లోలోపలే నడిచేదైతే అచ్చు. మొదట వంద కాపీలు చాలు.