జోర్కీ-4 మీద 35 ఎంఎం ఫైండర్: ఏళ్ల తరబడి వాడాక చెప్తున్నా

పాత రష్యా ఫిల్మ్ కెమెరా జోర్కీ-4కి జూపిటర్-12 అనే 35 ఎంఎం లెన్సు తగిలించాక ఎవరికైనా వచ్చే సందేహం ఒకటే, ఫ్రేమ్ ఎక్కడ చూడాలి అని. కెమెరా లోపలి ఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ) 50 ఎంఎం లెన్సుకి చేసింది, అందులో ఫొటో హద్దులు చూపే గీతలు కూడా ఉండవు. కాబట్టి ఫోకస్ లోపల చూసుకుని, కన్ను పైకి జరిపి, కెమెరా నెత్తిన ఉండే షూ అనే గాడిలో పెట్టిన ఇంకో ఫైండర్‌లో ఫ్రేమ్ చూసుకోవాలి. రష్యా కెమెరాలకే ఉన్న లోటు కాదిది. 1954లో వచ్చిన జర్మనీ కెమెరా లైకా ఎం3లోనూ 50, 90, 135 గీతలే ఉన్నాయి, 35కి గీత కావాలంటే 1957లో ఎం2 వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

నా దగ్గర రెండు ఫైండర్లున్నాయి. ఒకటి కెమెరాతో పాటే వచ్చిన రష్యా టరెట్, ముందున్న చక్రం తిప్పితే 28, 35, 50, 85, 135 అని ఐదు లెన్సులకి పనికొస్తుంది. రెండోది జపాన్ కొసినా వాళ్ళు వోయిట్‌లాండర్ పేరుతో చేసిన 35 ఎంఎం ఫైండర్, దానికి 35 తప్ప ఇంకేదీ రాదు. ఒంగోల్లో, నెల్లూర్లో, ఊళ్ళ తిరునాళ్ళలో రెండూ బాగా వాడి చూశాను. మీరు ఎక్కువగా వాడేది ఒక్క లెన్సే అయితే ఆ లెన్సుకే చేసిన ఫైండర్ కొనండి. ఐదింటి ఆశ వద్దు.

ఎందుకంటే టరెట్‌లో చూస్తే బొమ్మ సొరంగం చివర ఉన్నట్టు చిన్నగా, చుట్టూ నల్లగా ఉంటుంది. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీల్లో ఇది ఎంత ఇబ్బందో తెలిసిపోతుంది. గిత్తలు ఒక్క ఊపున కదులుతాయి, పక్కన తోలేవాళ్ళు అరుస్తూ పరుగెత్తుతుంటారు, వాళ్ళలో ఎవరు ఎప్పుడు ఫ్రేమ్‌లోకి దూరతారో టరెట్ చెప్పదు, దూరాక చూపిస్తుందంతే. నా వోయిట్‌లాండర్ లాంటి బ్రైట్‌లైన్ ఫైండర్‌లో తెల్ల గీత గాల్లో తేలినట్టు ఉండి గీత బయట ఉన్నది కూడా కనపడుతుంది, అంటే కొమ్ములు గీత దాకా రాకముందే మీకు తెలుస్తుంది, వేలు సిద్ధంగా ఉంటుంది. నాకు కావాల్సింది ఇదే, దీనికోసమే డబ్బు పెట్టాలంటాను. లైకా పాత విడామ్ ఫైండర్ అందంగా ఉంటుంది గానీ అందులో కుడి ఎడమలు తారుమారై కనపడతాయి, కదిలేవాటిని తీసేవాళ్ళు దాని జోలికి పోకండి. 50 ఎంఎం వాడేవాళ్ళకైతే లైకా ఎస్‌బూయి ఫైండర్ దొరికితే వదలొద్దు, ఉన్నది ఉన్నంత సైజులో చూపిస్తుంది, రెండు కళ్ళూ తెరిచి తీయొచ్చు. ఒక స్నేహితుడిది తీసుకుని వాడాను, తిరిగి ఇవ్వబుద్ధి కాలేదు.

ఇక ప్యారలాక్స్, అంటే లెన్స్ చూసేదానికీ పైనున్న ఫైండర్ చూపించేదానికీ మధ్య తేడా. దీని గురించి లేనిపోని టెన్షన్ పెట్టుకుంటారు, లెక్క వేస్తే తేలిపోతుంది. నా కెమెరాలో లెన్స్ మధ్య నుంచి ఫైండర్ మధ్యకి సుమారు 6 సెంటీమీటర్ల ఎత్తు. రెండూ సమాంతరంగా చూస్తున్నాయి కాబట్టి మనిషి ఎంత దూరంలో ఉన్నా తేడా ఆ 6 సెంటీమీటర్లే. 35 ఎంఎంలో కెమెరా అడ్డంగా పట్టుకుంటే మీటరు దూరంలో ఫ్రేమ్ ఎత్తు 69 సెంటీమీటర్లు, అందులో 6 పోతే తల మీద కొప్పు తెగుతుంది. 3 మీటర్ల దూరంలో ఎత్తు 2 మీటర్లు దాటుతుంది, అక్కడ 6 సెంటీమీటర్లు ఎవరూ కనిపెట్టరు. కొత్తపట్నం ఒడ్డున చేపలు ఏరుతున్న ఆడవాళ్ళ దగ్గరగా కూర్చుని తీసేటప్పుడు మాత్రం ఫ్రేమ్‌ని కావాలనే కాస్త పైకి ఎత్తుతాను. (అక్కడే ఒక పెద్దాయన నా కెమెరా చూసి "ఏంది అబ్బయ్యా, కెమెరా మీద ఇంకో కెమెరా పెట్టినావు?" అని అడిగి, ఫైండర్‌లో చూసి, వలలన్నీ గీతలోకి వచ్చేదాకా నన్ను వెనక్కి నడిపించాడు.) నిలువుగా పట్టుకుంటే ఈ తేడా పక్కకి మారుతుందని గుర్తుంచుకోండి. టరెట్‌లో దూరాన్ని బట్టి వంచే ఏర్పాటు ఉంది, అది నిజంగా మంచిది, కానీ జనంలో నిలబడి అది తిప్పే తీరిక ఎవరికి?

రెండు చోట్ల చూసుకోవడం ఆలస్యం కదా అంటారు. నెల్లూరు రొట్టెల పండగకి స్వర్ణాల చెరువు గట్టు మీద నేను ఫోకస్ చూడను. లెన్స్ రంధ్రం ఎఫ్ 8కి పెట్టి, దూరం 3 మీటర్లకి పెడితే సుమారు 2 నుంచి 7 మీటర్ల దాకా స్పష్టంగా వస్తుంది. చేతిలోంచి చేతిలోకి రొట్టె మారే క్షణానికి పై ఫైండర్ ఒక్కటే చూస్తే చాలు.

కళ్ళజోడు ఉన్నవాళ్ళు కన్ను పెట్టే చోట వట్టి లోహపు రింగ్ ఉంటే కొనొద్దు, అద్దాలు గీసుకుపోతాయి. మన సముద్రపు గాలికి ఫంగస్ మహా త్వరగా పడుతుంది, కాబట్టి పాతది కొనేటప్పుడు వెలుతురుకెదురుగా పట్టుకుని రెండు వైపుల నుంచీ చూడండి, గీత మసకబారినా వదిలేయండి. షూలో వదులుగా ఉంటే సన్నటి అట్టముక్క పెట్టండి, లేకపోతే ఒంగినప్పుడు జారిపోతుంది. షూ ఒక్కటే కాబట్టి ఫైండర్ పెడితే లైట్ మీటర్‌కి చోటుండదు, అది జేబులో ఉండాల్సిందే. 85, 135 కూడా తరచుగా వాడేవాళ్ళకి మాత్రం టరెట్ న్యాయం చేస్తుంది, వాళ్ళని కాదనను.

ఫైండర్ చేతికి రాగానే పరీక్షించండి. జోర్కీ-4 వెనక భాగం మొత్తం ఊడి వస్తుంది. కెమెరాని ట్రైపాడ్ మీద కిటికీ ఊచలకి ఎదురుగా పెట్టి, ఫిల్మ్ కూర్చునే చోట ట్రేసింగ్ పేపర్ అతికించి, షట్టర్‌ని బి (బటన్ నొక్కి ఉంచినంతసేపూ తెరిచి ఉండే సెట్టింగ్) మీద తెరిచి పట్టుకోండి. కాగితం మీద తలకిందులుగా బొమ్మ పడుతుంది. అంచున ఏ ఊచ ఉందో చూసి, ఫైండర్ గీత దగ్గర ఏ ఊచ ఉందో పోల్చుకోండి. నా వోయిట్‌లాండర్ గీత కంటే ఫిల్మ్ మీద అన్ని వైపులా కాస్త ఎక్కువే పడుతుంది, టరెట్‌లో కుడివైపు ఒక ఊచ తేడా ఉంది.