పాత లారీ స్పీడోమీటరు: కేబుల్, రిపేరు మీటరు, జీపీఎస్ మీటరు మూడూ వాడి చూశాక

నాది ఆరు టైర్ల పాత లారీ. గేర్‌బాక్స్ నుంచి కేబుల్‌తో తిరిగే ముల్లు మీటరు. తాడేపల్లిగూడెంలో బియ్యం ఎత్తుకుని కేరళ పోవడం, తిరుగు ప్రయాణంలో ఏ లోడు దొరికితే అది వేసుకుని రావడం దాని పని. మీటరు మొండికేసినప్పుడల్లా ఒక్కో మందు వేశాను. ముందు కేబుల్ మార్చాను, తర్వాత మీటరు విప్పించి బాగు చేయించాను, చివరికి పక్కనే, ఉపగ్రహాల సిగ్నల్‌తో స్పీడు చెప్పే జీపీఎస్ మీటరు కూడా బిగించాను. మూడూ ఏళ్ల తరబడి వాడినవే.

లారీ నడిపేవాడికి ముల్లు కంటే దాని కింద తిరిగే కిలోమీటర్ల అంకెలు ముఖ్యం. ఎంత స్పీడులో పోతున్నామో ఇంజిన్ చప్పుడే చెప్తుంది. లీటరుకి ఎంత వచ్చింది, ఆయిల్ ఎప్పుడు మార్చాలి, రీట్రేడ్ టైరు, అంటే పాతదానికి కొత్త రబ్బరు వేసింది, ఎంత తిరిగింది, ఈ లెక్కలన్నీ ఆ అంకెల మీదే. డ్రైవరుకి బండి అప్పగించే ఓనరుకి డీజిల్ సంగతి తేలేదీ అక్కడే. కాబట్టి ముల్లు కాస్త వణికినా సర్దుకుపోతాను, అంకెలు ఆగితే మాత్రం ఊరుకోను.

లోపం ఎక్కడుందో పట్టించేవీ అవే. ముల్లు పడిపోయి అంకెలు తిరుగుతుంటే కేబుల్‌కి ఏమీ కానట్టు, జబ్బు మీటరు లోపల. రెండూ ఒకేసారి ఆగితే కేబుల్ తెగిందో, గేర్‌బాక్స్ దగ్గర కేబుల్‌ని తిప్పే చిన్న గేరు చక్రం (పినియన్) పళ్లు అరిగాయో చూడాలి. ఎందుకంటే అంకెలు గేర్లతో నేరుగా తిరుగుతాయి, ముల్లుకి ఆ బంధం లేదు. కేబుల్ తిప్పేది ఒక అయస్కాంతాన్ని. దానికి తగలకుండా చుట్టూ ఒక అల్యూమినియం గిన్నె ఉంటుంది. అయస్కాంతం తిరిగేకొద్దీ గిన్నెలో కరెంటు సుడులు పుట్టి దాన్ని తమతో లాగుతాయి, సన్నటి స్ప్రింగు వెనక్కి గుంజుతుంది. ఆ పెనుగులాట ఎక్కడ తేలితే ముల్లు అక్కడ నిలుస్తుంది. 1902లో జర్మనీలో ఒట్టో షుల్జే పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. నా బండిలో ఇప్పటికీ అదే.

మీటరు వెనక కేబుల్ నట్టు విప్పి, బండిని మెల్లగా కదిలిస్తూ క్లీనర్‌ని చూడమనండి. కేబుల్ లోపలి వైరు నలుచదరపు మొన తిరుగుతుంటే లోపం పైన, తిరగకపోతే కింద. పాత బండికి విడిగా స్పీడ్ గవర్నర్ పెట్టించి ఉంటే ఇంకో అనుమానితుడు చేరతాడు. 80 దాటకుండా కట్టడి చేసే ఆ పెట్టెకి స్పీడు తెలియాలి కదా, అందుకోసం చాలా బండ్లలో గేర్‌బాక్స్‌కీ కేబుల్‌కీ మధ్య ఒక సెన్సర్ ముక్క ఇరికిస్తారు. దాని చదరపు బెజ్జం అరిగితే కొత్త కేబుల్ వేసినా మీటరు కదలదు. నా బండిలో ఒకసారి జరిగింది ఇదే.

ఇక కేబుల్. కొత్త మీటరు ధరతో పోలిస్తే కేబుల్ ఖర్చు లెక్కలోది కాదు. లోకల్ సరుకైనా నాకు బాగానే నడిచింది. చూసుకోవలసింది బ్రాండు కాదు, పొడుగూ దారీ. మిగిలిన పొడుగుని డ్యాష్‌బోర్డు వెనక చుట్టిపెడితే 40 దగ్గర ముల్లు గంతులు వేస్తుంది. వంపు ఎక్కడా జానెడు వెడల్పు కంటే బిగుతుగా ఉండకూడదు. సైలెన్సర్ పక్క నుంచి పోతే గ్రీజు ఎండిపోయి కిర్రుమంటుంది. గ్రీజు కింది భాగానికే రాయాలి, మీటరు వైపు నాలుగు వేళ్ల మేర పొడిగా వదిలేయాలి. దండిగా పూస్తే అది పైకి పాకి అయస్కాంతానికీ గిన్నెకీ మధ్య అంటుకుంటుంది, బండి 30లో ఉన్నా ముల్లు 100 దాటి కూర్చుంటుంది. ఇంకోటి, వేసిన కొద్ది రోజులకే కొత్త కేబుల్ కూడా తెగిందంటే తప్పు కేబుల్‌ది కాదు. మీటరు లోపల ఎక్కడో పట్టేసి ఉంటుంది. తెగిన వైరు ముక్క మొనతో మీటరుని వేళ్లతో తిప్పి చూస్తే తెలిసిపోతుంది.

మీటరు రిపేరు విజయవాడ ఆటోనగర్‌లో చేయించాను. విప్పి, కడిగి, ముల్లు సరిచేసి ఇచ్చారు. కిలోమీటరుకి 1000 చుట్లు తిరిగే మీటరైతే, నిమిషానికి 1000 చుట్లు తిప్పినప్పుడు ముల్లు 60 మీద ఉండాలి. మన ముందే తిప్పి చూపించమనాలి. పని పక్కాగా ఉంది, ఇప్పటికీ నడుస్తోంది. నాకు నచ్చనిదల్లా ఒకటే, విప్పి మళ్లీ నొక్కిన అంచు మునుపటంత బిగుతుగా ఉండదు, వానాకాలంలో అద్దం లోపల ఆవిరి పడుతుంది. పాత సామాన్ల కొట్లో దొరికే మీటరు తెచ్చి వేద్దామనుకుంటే, మీటరు ముఖం మీదున్న చుట్ల అంకె మీ పాతదానితో సరిపోవాలి. లేకపోతే ముల్లూ తప్పే, కిలోమీటర్లూ తప్పే. టైరు సైజు మార్చినా కొంత తేడా వస్తుంది. 9.00-20 తీసి 10.00-20 వేస్తే చుట్టుకొలత మూడు నాలుగు శాతం పెరుగుతుంది, మీటరు 60 అన్నప్పుడు బండి నిజానికి 62లో పోతుంటుంది.

ఆ తేడా తేల్చుకోవడానికే జీపీఎస్ మీటరు కొన్నాను. స్పీడు విషయంలో దానికి వంక పెట్టలేను. హైవేలో కిలోమీటరు రాళ్ల మధ్య సెకన్లు లెక్కపెట్టి చూశాను. 3600ని ఆ సెకన్లతో భాగిస్తే స్పీడు వస్తుంది, 72 సెకన్లు పడితే 50 అన్నమాట. రెండూ కలిశాయి. కిలోమీటర్ల దగ్గరే పేచీ. పొద్దున బండి తీయగానే సిగ్నల్ అందుకునేలోపు పోయిన దూరం లెక్కలోకి రాదు. త్రిశూర్ దగ్గర కుతిరాన్ సొరంగం దాదాపు కిలోమీటరు, లోపలికి పోగానే సున్నా చూపిస్తుంది. రాత్రి వెలుగు కళ్లలో కొడుతుంది, నేను నల్ల టేపు అంటించాను. కొనేటప్పుడు 24 వోల్టులకి పనికొస్తుందో లేదో అడగండి, మోటారు సైకిళ్ల కోసం చేసిన 12 వోల్టుల సరుకు లారీ బ్యాటరీకి తగిలిస్తే మాడిపోతుంది. ఫిట్‌నెస్‌కి బండి పెట్టినప్పుడు నా దగ్గర చూసింది అసలు మీటరునే, దీన్ని ఎవరూ పట్టించుకోలేదు.

మీటరు ఆగిందని మెకానిక్ దగ్గరికి పోతే చాలామంది ముందు మీటరే మార్చమంటారు. కేబుల్ విప్పి చూశాకే ఒప్పుకోండి. రెండో మీటరు పెట్టుకోవాలనుకుంటే జీపీఎస్‌ది మంచిదే, కానీ డీజిల్ లెక్కకి దాన్ని నమ్మకండి. మీటరు మార్చక తప్పకపోతే ఆ రోజు పాత రీడింగూ కొత్త రీడింగూ డైరీలో పక్కపక్కన రాసి, రెండింటికీ ఫోటో తీసి పెట్టుకోండి. బండి అమ్మేటప్పుడు కొనేవాడు మొదట అడిగేది ఆ లెక్కే.